రెండో నెత్తురు

బస్సులు బందై చాలా రోజులైంది. దిల్‌సుఖ్‌నగర్ డిపో గేటుకు గొలుసు వేసి, దాని ముందు షామియానా కట్టి, డ్రైవర్లు, కండక్టర్లు జంపఖానా మీద కూర్చున్నారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆఫీసులు లేవు, బడులు లేవు. అరుణజ్యోతి మాత్రం పొద్దున్నే హాస్టల్ మెట్లు దిగి ఎల్బీనగర్ వైపు నడక మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచింది. వచ్చిన ఆటో ప్రతిదీ నిండుగానే వస్తోంది. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ఒకరి ఒళ్ళో ఒకరు. ఒక చోట నిలబడి కాచుకోవడం ఆమె వల్ల కాదు. నిలబడితే ఐసు గుర్తుకొస్తుంది.

బొగ్గు గనుల వాళ్ళు కూడా సమ్మెలో దిగాక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియడం లేదు. ఎల్బీనగర్‌లో ఒక టెంట్ హౌస్ పైన రెండు గదుల్లో ఆమె పనిచేసే యూనిట్ ఉంది. అందులో ఒక పెద్ద ఫ్రీజరు, దాని నిండా మనుషుల నెత్తురు. జనరేటరుకు డీజిలు దొరికిన రోజు డీజిలు, దొరకని రోజు కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక నుంచి ఐసు దిమ్మలు. ఆ ఐసు కోసం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిరగడమే ఈ మధ్య ఆమె ఉద్యోగమైపోయింది.

ఆ యూనిట్ దేశానికంతటికీ పెద్దదైన ఒక వైరస్ పరిశోధన సంస్థది. రేపు ఏదైనా కొత్త జబ్బు వస్తే, అది ఊరి మీద పడకముందే కనిపెట్టగల చోట్లు దేశమంతా ఉండాలని ఆ సంస్థ కొన్ని నగరాల్లో ఇట్లాంటి యూనిట్లు పెట్టి చూస్తోంది. ఈ యూనిట్లన్నిటికీ ఒకే పరీక్ష. ఒక బస్తీ తీసుకోవాలి. ఇంటికి ఒకరిని చీటీ తీసి ఎంచుకోవాలి. వానలు పడకముందు వాళ్ళ నెత్తురు కాస్త తీయాలి. వానాకాలంలో ఫ్లూ జ్వరాలు వచ్చి పోయాక మళ్ళీ వాళ్ళ దగ్గరే తీయాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మంచాన పడని మనిషిని కూడా జ్వరం తాకి పోయిందో లేదో తెలుస్తుంది. ఐదింట నాలుగు ఇళ్ళ నుంచి రెండు నెత్తుర్లూ తెచ్చిన యూనిట్‌కు పరీక్ష మిషన్ ఇస్తారు, అది శాశ్వతంగా ఉంటుంది. తేలేని యూనిట్ సామాను కట్టుకోవాలి. దసరా దాటగానే చూడడానికి పైవాళ్ళు వస్తున్నారు.

ఈ మిషన్ ఎల్బీనగర్‌కు రావాలని అరుణజ్యోతికి ఎంత ఉందో ఎవరికీ చెప్పలేదు. స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది హాస్టల్లో ఆమె పక్క మంచం విజయశ్రీది. గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చిన పిల్ల. జ్వరం వస్తే గొంతులో దూదిపుల్ల తిప్పి నమూనా వేరే ఊరి ల్యాబుకు పంపారు. పాజిటివ్ అని జవాబు వచ్చే సరికి ఆ మంచం మీదికి వేరే పిల్ల దిగి, గోడకు తన టైంటేబుల్ కూడా అంటించుకుంది.

నడుస్తుంటే ఫోన్ మోగింది. నకిరేకల్ నుంచి అన్న. రోడ్డు మీద కూర్చుని ఉన్నట్టున్నాడు, వెనక డప్పులు వినిపిస్తున్నాయి.

"నువ్వు గూడ సమ్మెల ఉన్నవా లేదా?" అన్నాడు.

"అమ్మ తిన్నదా అన్నా?" అంది ఆమె.

అతను రోజూ అదే అడుగుతాడు, ఆమె రోజూ అదే అడుగుతుంది.

*

నిజానికి రెండో విడత పని ఇంత సాఫీగా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. బస్తీ కర్మన్‌ఘాట్ పోయే దారిలో ఉంది. అందరూ నల్గొండ వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. హమాలీలు, మేస్త్రీలు, ఆర్టీసీ వాళ్ళు, నాలుగైదు క్రైస్తవుల ఇళ్ళు. సగం మంది మగవాళ్ళు ఎల్బీనగర్ చౌరస్తా టెంటులోనే ఉంటున్నారు. ఇప్పుడు సూది అంటే తలుపులు వేసుకుంటారని అరుణజ్యోతి భయపడింది. కానీ నర్సు జోస్నా రోజూ సాయంత్రం నిండు పెట్టె తెచ్చి ఫ్రీజరు ముందు పెడుతోంది.

"ఎట్ల తెస్తున్నవ్ జోస్నా?" అని అడిగితే, "నాదేం లేదు మేడమ్, బస్తీల అండాలమ్మ ఉన్నది గదా, ఒక్కొక్కరిని తోలుతున్నది, నేను గుచ్చుతున్న," అనేది.

యూనిట్ పెద్ద, డాక్టరు శ్రీరామమూర్తికి మాత్రం పట్టలేని సంతోషం. గుంటూరు నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడిన మనిషి. "చూశావా, మనం మంచి చేస్తుంటే జనం అర్థం చేసుకుంటారమ్మా," అన్నాడు. అరుణజ్యోతికి ఆ మాట ఎక్కలేదు. ఇంత తేలికగా అయ్యే పని ఏదీ ఆమె ఇంతవరకు చూడలేదు. ఫ్రీజరు తలుపు తీసి, అరల్లో నిలబడ్డ నెత్తురు గొట్టాలను చూసి, మళ్ళీ మూసేది. కాసేపటికి మళ్ళీ తీసేది.

"అలా తీస్తే చలి పోతుంది," అని శ్రీరామమూర్తే కసిరాడు.

ఆ రోజు ఐసు తొందరగా దొరికింది. పెట్టె పట్టుకుని తనే బస్తీకి పోయింది.

అండాలమ్మ ఇంటి ముందు రేకుల నీడన జోస్నా బల్ల వేసుకుని కూర్చుంది. అండాలమ్మకు ఇడ్లీ బండి ఉంది. పొద్దుటి బేరం అయిపోయింది. గిన్నెలు బోర్లించి, పక్కన బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వు ఆరబోసింది. ఆమె మొగుడు సీతారాములు పండ్ల మార్కెట్లో హమాలీ. బస్తాలు మోసి మోసి భుజాలు దూలాల్లా ఉంటాయి. అతను బల్ల ముందు కుర్చీలో చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"నువ్వెందుకు కూసున్నవయ్యా?" అంది అండాలమ్మ.

"నర్సమ్మ పిలిచింది గదనే."

"నర్సమ్మ ఇంటిని పిలిచింది. నిన్నెవరు పిలిచిన్రు? నువ్వు ఎండకాలంల ఇచ్చినవ్. గిప్పుడు నా వంతు. లే."

"అయితే లేస్త. నేనేమన్న కొట్లాడుతున్ననా," అని సీతారాములు కుర్చీ కాలు తగిలించుకుంటూ లేచి, వాకిట్లోకి పోయి బీడీ ముట్టించాడు.

అండాలమ్మ కూర్చుని జాకెట్ చెయ్యి పైకి జరిపింది. జోస్నా సూది గుచ్చి గొట్టం నింపింది. అరుణజ్యోతి ఐసు పెట్టె కింద పెట్టింది.

"ఎవరి వంతు పెద్దమ్మా?"

"నాదే బిడ్డా. రెండోపాలి ఇండ్లల్ల ఇంకోలు ఇయ్యాలె గదా."

గొట్టానికి మూత పెడుతున్న జోస్నా తలెత్తింది.

"అందరు గట్లనే ఇచ్చిన్రా?" అంది అరుణజ్యోతి. గొంతు మామూలుగానే ఉంది.

"నేను చెప్పినంక ఒకరు తప్పుతరా? మా ఊర్ల కాలువ నీళ్ళకు చీటీలేస్తరు. చీటీల పేరు ఎల్లినోడు ముందుగాల పారిచ్చుకుంటడు. మల్లోపాలి ఇంకోడు. పేరు ఎల్లిందని వాని మడికే రెండుసార్లు ఇడుస్తరా? మీరు గూడ చీటీలే తీసిన్రు. పాపం, ఒక్కలతోనే రెండుసార్లు నెత్తురు తీపిస్తే అది న్యాయమేనా? చౌరస్తల దీక్ష గూడ గంతే నడుస్తున్నది. నిన్న కూసున్నోడు ఇయ్యాల కూసోడు. ఇండ్లల్ల మొగోడు ఇచ్చిన కాడ ఆడిదాన్ని పంపిన, ఆడిది ఇచ్చిన కాడ కొడుకునో అత్తనో పంపిన. కండక్టర్ జానయ్య భార్య సూదంటే ఏడ్వబట్టె. నేనే పట్టుకొచ్చి కూసోబెట్టిన."

ఆమె మొహంలో పని సక్రమంగా చేసిన మనిషి తృప్తి ఉంది.

జోస్నా నెమ్మదిగా అంది: "మేడమ్, ముందు తీసిన నర్సు బడంగ్‌పేట్ దవాఖానకు పోయింది, మీకు తెలుసు గదా. ఆమెకైతే మొఖాలు గుర్తుంటుండె. నాకు ఎవరు తెలుసు? పేర్లు బయటికి పోవద్దని గొట్టాల మీద ఇంటి నంబరే ఏసిన్రు. జానయ్య ఇల్లేనా అంటే ఆ అన్నరు. తీసుకున్న."

ఆమె తప్పు లేదు. తప్పు ఎక్కడ ఉందో అరుణజ్యోతికి అప్పటికే తెలిసింది. ఎండాకాలంలో ఈ వాకిట్లోనే నిలబడి బస్తీ వాళ్ళకు చెప్పింది తనే. రెండుసార్లు ఇవ్వాలంటే బెదిరి మొదటిదీ ఇవ్వరేమోనని ఆ మాట మింగి, "వానలైనంక మీ ఇంటికి మళ్ళొకసారి వస్తం," అంది. ఇంటికి వస్తాం అంది. మనిషి దగ్గరికి వస్తాం అనలేదు.

"పెద్దమ్మా," అంది, పక్కనే నేల మీద కూర్చుంటూ. "నువ్వు రాత్రి ఇడ్లీ పిండి కలిపి మూత పెడతవ్. పొద్దుగాల పొంగిందా లేదా అని చూస్తవ్. నీ గిన్నె రాత్రి చూసి, పొద్దుగాల పక్కింటి గిన్నె మూత తీస్తే నీ పిండి పొంగిందో లేదో తెలుస్తదా?"

"ఎట్ల తెలుస్తది?"

"గిది గూడ గంతే."

అండాలమ్మ జాకెట్ చెయ్యి కిందికి లాక్కుంది. తంగేడు పువ్వు మీద వాలిన ఈగల్ని తోలింది.

"గీ ముచ్చట ఎండకాలంల ఎందుకు చెప్పలే?" అంది చివరికి.

అరుణజ్యోతి ఐసు పెట్టె ఎత్తుకుని లేచింది.

*

శ్రీరామమూర్తి విని కుర్చీలో వెనక్కి వాలాడు. కరెంటు లేదు. కిటికీలోంచి కింద టెంట్ హౌస్ వాళ్ళు సమ్మె శిబిరాలకు జంపఖానాలు ఎత్తుతున్న చప్పుడు వస్తోంది. ఆ నెలలో వాళ్ళకు చేతినిండా పని.

"అన్నీనా?"

"చాలా మటుకు సార్."

"గొట్టాల మీద ఇంటి నంబరే కదా ఉంది," అన్నాడు ఆయన. తర్వాత చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నేను తప్పు చేయమని అనడం లేదు. ఆలోచించమంటున్నాను. ఈ ఏడాది యూనిట్ నిలబడితే వచ్చే ఏడాది సరిగ్గా చేయొచ్చు. నిలబడకపోతే ఏదీ చేయలేం. నీ స్నేహితురాలి సంగతి నువ్వే ఒకసారి చెప్పావు. అలాంటి పిల్లలు ఇంకా ఉంటారు కదమ్మా."

విజయశ్రీ మాట తను ఎప్పుడు చెప్పిందో అరుణజ్యోతికి గుర్తు లేదు. చెప్పే ఉంటుంది. అదే ఆమెను ఎక్కువగా కుదిపింది. ఆయన మాట అబద్ధం కాదు. ఆమె లేచి ఫ్రీజరు దాకా పోయి, తలుపు మీద చెయ్యి పెట్టి, తీయకుండా వెనక్కి వచ్చింది.

"దేశమంతటి లెక్కల కలుస్తది సార్ ఇది. రేపు మందు తక్కువుంటే ముందు ఎవరికియ్యాలె, ఏ వయసోళ్ళకు అంటే గీ లెక్కనే చూస్తరు. మొగుని నెత్తురు పక్కన పెండ్లాం నెత్తురు పెట్టి, ఒక్కనిదే అని రాసిస్తే, జ్వరం రానోనికి వచ్చినట్టు, వచ్చినోనికి రానట్టు లెక్కొస్తది. అది మిషన్ ఇచ్చినా కడుక్కుంటే పోతదా?"

"అయితే మళ్ళీ వెళ్ళాలి. మొదట ఇచ్చినవాళ్ళు ఎక్కడున్నారు? సగం మంది ఆ చౌరస్తా టెంటులో. నేను వచ్చి నోరు విప్పితే నాది ఏ ఊరని అడుగుతారు. ఆ తర్వాత నెత్తురు మాట ఎవడు వింటాడు?"

"మీరు రావద్దు సార్. మొదట ఇచ్చినోళ్ళ పేర్ల పుస్తకం ఇయ్యుండ్రి. జోస్నా, నేను పోతం."

ఆయన బీరువా తాళం తీసి పుస్తకం ఇచ్చాడు. ఇచ్చి, "అన్నం తిని వెళ్ళు," అన్నాడు.

*

చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు. విజయవాడ రోడ్డు మీదే మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద డేగిషాల్లో అన్నం, పప్పుచారు వండుతున్నారు. లారీలు ఆటోనగర్ దాకా నిలిచిపోయాయి. డ్రైవర్లు కూడా దిగి పళ్ళాలు పట్టుకుని బంతిలో కూర్చున్నారు. టెంటులో ఆనాటి నిరాహార దీక్ష వాళ్ళు మెడలో బంతిపూల దండలతో, ఆ పప్పుచారు వాసన రాకుండా మొహాలు అటు తిప్పుకుని ఉన్నారు. మైకు జానయ్య చేతిలో ఉంది. పాతికేళ్ళుగా దేవరకొండ రూట్లో కండక్టరు. మైకు లేకపోయినా ఆ గొంతు ఆ చివరికి వినిపిస్తుంది.

అరుణజ్యోతి సంగతంతా చెప్పింది. దాచకుండా, తను మింగిన మాటతో సహా. జానయ్య మైకు పక్కన పెట్టి విన్నాడు. చుట్టూ జనం మూగారు.

"అంటే మన ఆడోళ్ళు మన బదులు సూదులు పొడిపిచ్చుకున్నరు, అయినా పనికి రాలె," అన్నాడు ఒక మేస్త్రీ. అందరూ నవ్వారు.

"మా ఇంటి వంతు తీరింది మేడమ్," అన్నాడు జానయ్య. "మా ఆమె వారం సంది చెయ్యి నొస్తున్నదని నాతోని బోళ్ళు తోమిస్తున్నది. ఇగ నన్ను గూడ పొడిస్తే మా ఇంట్ల బోళ్ళెవరు తోమాలె? అది ఇడువు. గా నెత్తురు ఏడికి పోతది?"

"ఈడనే ఉంటది. పరీక్షకు పైకి పోతది."

"పైకంటే ఢిల్లీకి. నీళ్ళు పోయినయ్, కొలువులు పోయినయ్. నెత్తురు మిగిలింది, అది గూడ డబ్బాలల్ల తోలుతున్రు."

ఈసారి నవ్వు తక్కువ వచ్చింది. ఒకరిద్దరు నిజంగానే తలలాడించారు. జోస్నా పెట్టె పట్టీ గట్టిగా పట్టుకుంది.

"పైకి పోవద్దనే గదన్నా నేను తిరుగుతున్న," అంది అరుణజ్యోతి. "మిషన్ ఈడ పెడితే పోదు. రెండేండ్ల కింద దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల ఒక పిల్లకు జ్వరమొచ్చింది. నమూనా వేరే ఊరికి పోయింది. అది పోయి, జవాబు వచ్చే వరకు పిల్ల లేదు."

"ఎవల పిల్ల?"

"తుంగతుర్తి కాడిది. నా పక్క మంచం."

డేగిషా మీద మూత ఎవరో సర్దారు. జానయ్య కొంచెంసేపు నేల చూశాడు.

"మరి తెలంగాణ వచ్చినంక గా మిషన్ మనదైతదా?"

"అందరిదైతదన్నా. రోగం ఈడ మొదలైతే విజయవాడ బస్సెక్కకుండ ఆగుతదా?"

"బస్సులే బంద్ పెట్టినం గదా, ఎట్ల ఎక్కుతది?" అన్నాడు జానయ్య. అని తనే నవ్వాడు. చొక్కా చెయ్యి మడుస్తూ, "తియ్యమ్మా. మా ఆమెకు మాత్రం చెప్పకు. చెయ్యి నొప్పి నాకే ఎక్కువున్నదని చెప్పుకోవాలె నేను," అన్నాడు.

అతను ఇచ్చాక మరి కొందరు కదిలారు. దీక్షలో ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా చెయ్యి చాపారు కానీ, ఖాళీ కడుపున తీయనని జోస్నా పట్టుబట్టింది. సాయంత్రం నాయకులు వచ్చి నిమ్మరసం ఇచ్చే దాకా కాచుకున్నారు. ఆ నాయకులు ఎంతకూ రాలేదు. పెట్టెలో ఐసు కరుగుతోంది. అరుణజ్యోతి టెంటు చుట్టూ తిరిగింది, రోడ్డు దాటింది, మళ్ళీ దాటి వచ్చింది. చివరికి ఒక ముసలాయన, "ఎవలో ఒకలు తాపుండ్రయ్యా, గా పిల్ల తిరుగుడు చూస్తే నాకు కండ్లు తిరుగుతున్నయ్," అన్నాడు.

కొందరు ఇవ్వలేదు. "వంతు తీరింది" అన్న మాట మీదే నిలబడ్డారు. వాళ్ళతో వాదించలేదు.

ఆ తర్వాత రోజుల్లో ఇద్దరూ తిరగని చోటు లేదు. ఒకడు రైల్ రోకోలో దొరికి పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు. పోలీసులు వీళ్ళను లోపలికి పోనివ్వలేదు. ఒకడు లారీ మీద బాటసింగారం దాకా వస్తాడంటే అక్కడ హైవే పక్కన ఎండలో నిలబడ్డారు. లారీ ఆగకుండానే పోయింది. బతుకమ్మకు ఆడవాళ్ళు, దసరాకు మిగతావాళ్ళు, బస్సులు లేకపోయినా ఎట్లా పోగలుగుతున్నారో, ఊళ్ళకు వెళ్ళిపోతూనే ఉన్నారు. సీతారాములు మాత్రం వీళ్ళు పిలవకుండానే వచ్చాడు. అండాలమ్మ వెనక నిలబడి తోలుకొచ్చింది. అతను కళ్ళు మూసుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అని సూది తాకకముందు నుంచే అడిగాడు.

అండాలమ్మ అరుణజ్యోతితో మాట్లాడలేదు. నీళ్ళ చెంబు మాత్రం ఆమె పక్కన పెట్టి పోయింది.

*

పైనుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు. పొడుగాటి ఒకావిడ, ఆమె వెంట ఫైలు మోసే ఒక మనిషి. విమానాశ్రయం నుంచి దారిలో రెండు చోట్ల ఆపారట, ఆవిడ చెమటతో వచ్చింది. శ్రీరామమూర్తి ఫ్రీజరు తెరిచాడు. పై అరలో సరైన జతలు. కింది అరలో, వేరే రంగు మూతలు వేసి, తప్పు మనుషుల నెత్తురు.

"ఇదేమిటి?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

అరుణజ్యోతి నోరు తెరవబోయింది. శ్రీరామమూర్తి ఆమె కన్నా ముందే చెప్పాడు. మొదటిసారి విషయం పూర్తిగా చెప్పలేదని, బస్తీ వాళ్ళు వంతులు వేసుకున్నారని, పట్టుకున్నాక వేరు చేశామని, యూనిట్ పెద్దగా అది తన తప్పేనని. చెప్పి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అరుణజ్యోతి ఆయన వంక చూడలేకపోయింది.

లెక్క చూశారు. సరిపోలేదు. చాలా తక్కువేమీ కాదు, కానీ సరిపోలేదు. ఆవిడ నియమం మార్చేది కాదని మొహం చూస్తేనే తెలుస్తోంది. మిషన్ ఇక్కడికి రాదు. యూనిట్ నెలాఖరుకు కట్టేయాలి.

ఆవిడ ఫైలు మూస్తుండగా అరుణజ్యోతి కింది అర వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్ని రోజులు దాన్ని తప్పుల అర అనుకునే చూసింది. చలికి అద్దం మీద మంచు పట్టింది. వేలితో తుడిచింది.

"మేడమ్, వీళ్ళ దగ్గర వచ్చే వానాకాలం అయినంక మళ్ళీ తీస్తే," అంది తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులో మొదటి నుంచీ చెప్పింది. ఈ ఆడవాళ్ళకు, ఈ కొడుకులకు, అత్తలకు ఇదే మొదటి నెత్తురు అవుతుంది. వచ్చే ఏడాది ఇదే మనుషుల దగ్గర రెండోది తీయాలి. మగవాళ్ళు రోడ్ల మీద తిరిగేవాళ్ళు, వీళ్ళు ఇళ్ళల్లో ఉండేవాళ్ళు. జ్వరం ఎవరిని ఎట్లా తాకుతుందో కూడా తెలుస్తుంది. మిషన్ అడగడం లేదు. ఈ యూనిట్‌ను ఒక్క ఏడాది ఉంచితే చాలు.

ఫైలు మనిషి గడియారం చూసుకున్నాడు.

"వాళ్ళు మళ్ళీ ఇస్తారా?" అంది ఆవిడ.

ఇస్తారు అనడం ఎంత తేలికో అరుణజ్యోతికి తెలుసు. ఎండాకాలంలో అంతకన్నా చిన్న మాటే మింగింది.

"అడగాలి. అడగకుండా చెప్పలేను."

"అడిగి రేపు ఉదయం నేను విమానం ఎక్కే లోపల చెప్పు," అని ఆవిడ లేచింది.

*

అండాలమ్మ ఇడ్లీ రేకులు కడుగుతోంది. సీతారాములు అరుగు మీద చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. సూది పడి ఎన్నాళ్ళయినా ఇంకా నొప్పేనట.

అరుణజ్యోతి నిలబడే చెప్పింది. మిషన్ రాలేదని, ఎందుకు రాలేదో, ఇప్పుడు ఏం అడగడానికి వచ్చిందో. రెండోసారి అదే మనిషి ఇవ్వాలని, ఇష్టం లేకపోతే ఇవ్వొద్దని, ఇచ్చినా వాళ్ళ చేతికి ఏమీ రాదని. ఈసారి ఏదీ వదలలేదు.

"అంటే మా నెత్తురు పారబోయలేదు," అంది అండాలమ్మ.

"లేదు."

"కింద అరల పెట్టిన్రు."

"ఆ."

"మల్ల గిప్పుడు మేమే ఇయ్యాలె."

సీతారాములు అరుగు మీంచి పకపక నవ్వాడు. "నా పీడ పోయింది. నీ వంతు నీకే రెండుసార్లు ఒచ్చె."

"నువ్వు నోర్ముయ్యి," అంది ఆమె. చేతులు చీర చెంగుకు తుడుచుకుంది. "నేనిస్త. కని బస్తీ అందరి మాట నేను చెప్పను బిడ్డా. పోయినపాలి గట్ల చెప్పే ఆగమైంది. నువ్వే ఇల్లిల్లు తిరిగి అడుగు. వద్దన్నోళ్ళను వద్దన్నరని రాసుకో."

"నువ్వు నా ఎంబడి రావా?"

"నేనొస్తే నా మొఖం చూసి ఊ అంటరు. నేను రాను."

అరుణజ్యోతి చెప్పులు వేసుకుంది. పొద్దు వాలుతోంది. మొదటి ఇంట్లో ముసలామె పూర్తిగా వినకుండానే వద్దంది, తలుపు కూడా వేసింది. రెండో ఇంట్లో కోడలు, ఆలోచించి చెప్తానంది. మూడో ఇంటికి పోయేలోగా బస్తీ అంతా కరెంటు పోయింది. ఫ్రీజరు గుర్తొచ్చింది. ఫోన్ తీసి, ఐసు పంపమని మార్కెట్‌కు చెప్తూనే జానయ్య గుమ్మం ముందు ఆగింది. లోపల చీకట్లో ఆయన భార్య బోళ్ళు తోముతున్న చప్పుడు.

"ఎవరది?"

"నేనక్కా, నెత్తురు మేడమ్‌ను. నీ దగ్గర మళ్ళ తీసుకోవాలె, వచ్చే ఏడు. కుదురుతదా కుదరదా నిమ్మళంగ చెప్పు, ముందుగాల ముచ్చట చెప్త."

బోళ్ళ చప్పుడు ఆగింది.

"జర ఆగు, దీపం పెడ్త. చీకట్ల ఏం ముచ్చట ఇంట," అంది ఆమె లోపలి నుంచి. "మా ఆయన గూడ ఇచ్చిండట గదా, చౌరస్తల? నాకు దాస్తున్నడు. ముందు గది చెప్పు."